‘బర్కు’ అను క్రియ

ఇంగ్లీషున ‘బర్కు’ అను క్రియ యొకటి కలదు. వారన్ హేస్టింగ్సుపై నేరము మోపిన ఎడ్మండు బర్కు పేరు చదివిన మా విద్యార్థులు, ఇది యా మహావక్త వలనఁ బుట్టినదని తలఁతురు. కాదు. దీని మూలపురుషుఁడు హంతకుఁడు.

గత శతాబ్దికి ముందటి శతాబ్ది యారంభమున ఎడింబరో నగరము వైద్యవిద్యకుఁ బేరుగాంచెను. శరీరనిర్మాణము నేర్చుటకు శవములు కావలెను. చట్టసమ్మతముగా దొరకునవి మిక్కిలి తక్కువ. ముఖ్యముగా ఉరితీయఁబడిన హంతకుల దేహములు. కావున గోరీలు త్రవ్వి పీనుఁగుల నమ్ము వర్తకము ప్రబలెను. 1827 నవంబరులో విలియం హేరు నడపు పేదల బసలో నొక ముసలివాఁడు నాలుగు పౌనుల బాకీతో మరణించెను. హేరును, అచటనే కాపురమున్న విలియం బర్కును ఆ శవమును డాక్టరు రాబర్టు నాక్సు శాలకుఁ గొనిపోయి 7 పౌనుల 10 షిల్లింగులకు విక్రయించిరి.

చావుకై కాచుకొనియుండ నేల యని పిదప వారికిఁ దోఁచెను. ఏడాది లోపల 16 మందిని జంపిరి. సారాయి త్రాగించి, నోరు ముక్కు మూసి, రొమ్ముపై బరువు మోపుట వారి పద్ధతి. గాయముండదు గనుక వెల తగ్గదు. చచ్చినవారు పేదలు, దిక్కులేనివారు, అడుగువారు లేరు. పట్టుపడిన పిమ్మట హేరు ప్రభుత్వసాక్షియై బయటపడెను. బర్కును 1829 జనవరి 28వ తేదీన నురితీసి, అతని దేహమును గూడఁ గోయించిరి. ఆ యస్థిపంజరము నేఁటికిని ఎడింబరో విశ్వవిద్యాలయమున నున్నది.

కొన్న నాక్సు మాట యేమి? జనులతని బొమ్మను దగులఁబెట్టిరి గాని ప్రభుత్వమతనిపై నేరమే మోపలేదు. చంపినవాని పేరు నిఘంటువు కెక్కెను, కొన్నవాని పేరెక్కలేదు. నాకిది న్యాయముగాఁ దోఁపదు. 1832లో నొక చట్టము చేసి, ధర్మశాలలలోఁ జచ్చి యెవ్వరును అడుగరాని వారి దేహములను వైద్యశాలల కిచ్చుట కనుమతించిరి. హత్యల యవసరము తప్పినది గాని, కోఁతబల్లపైకి మరల పేదవాఁడే వచ్చెను.

క్రియ మొదట ఊపిరాడనీక చంపుట యను నర్థమున నుండి, వెంటనే చడిచప్పుడు లేకుండ నణఁచివేయుట యను నర్థమునకు మాఱెను. సభలోఁ బ్రశ్నను చర్చకు రానీనిచో దానిని బర్కు చేసిరందురు. ఇంగ్లండున నీ వాడుక సన్నగిల్లినను, మన దేశపు పోలీసు పరిభాషలో నింకను సజీవముగా నున్నది. ఠాణా మెట్లెక్కిన వాని ఫిర్యాదును నమోదు చేయక త్రిప్పిపంపుటకు ‘బర్కింగు’ అని పేరు. ఆ నేరము లెక్కలలోఁ గానరాదు; కాగితముపై గాయపు గుర్తైన నుండదు.