సూరత్ మగ్గం, ఐరోపా గడప

మొగలుల కాలంలో బట్ట కోసం ఐరోపా వర్తకులే సూరత్ గడప తొక్కారు. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ తొలి వర్తక స్థావరాల్లో ఒకటి తాపీ నది ఒడ్డునే వెలిసింది. ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధానికి వరస తిరగబడింది. ఐరోపా గడప దాటేందుకు భారతీయ వస్త్రం అనుమతి అడగవలసి వచ్చింది.

1957లో రోమ్ ఒప్పందంతో ఆరు దేశాలు ఉమ్మడి మార్కెట్‌కు పునాది వేశాయి. తమ మధ్య సుంకాలు ఎత్తివేసి, బయటివారి సరుకుపై ఒకే సుంకం విధించడం దాని సూత్రం. 1973 జనవరి 1న బ్రిటన్ కూడా ఆ కూటమిలో చేరింది. 1932 ఒట్టావా ఒప్పందాల నాటి నుంచి బ్రిటిష్ మార్కెట్‌లో భారత్‌కు దక్కిన ప్రత్యేక రాయితీలకు దానితో కాలం చెల్లింది. అదే ఏడాది డిసెంబరులో కూటమితో భారత్ వాణిజ్య సహకార ఒప్పందం చేసుకున్నా, పోయిన వెసులుబాటు తిరిగి రాలేదు.

సూరత్‌కు అంతకన్నా బిగువైన ముడి కోటాలది. 1962 నాటి అంతర్జాతీయ ఏర్పాటు నూలు వస్త్రాలకే పరిమితం. 1974లో వచ్చిన బహుళ తంతు ఒప్పందం ఉన్నిని, కృత్రిమ దారాలను కూడా కోటాల కిందికి తెచ్చింది. సూరత్ మరమగ్గాలకు జీవనాధారం ఆ కృత్రిమ దారమే.

తప్పంతా ఐరోపాదే అనడం న్యాయం కాదు. కృత్రిమ దారాన్ని విలాస వస్తువుగా చూసి దశాబ్దాల పాటు భారీ ఎక్సైజు సుంకం మోపింది ఢిల్లీయే. బయట కోటా, లోపల పన్ను. రెంటి నడుమ సూరత్ ప్రధానంగా స్వదేశీ చీరల మార్కెట్‌నే నమ్ముకుంది.

2004 డిసెంబరు 31తో కోటాలు అంతరించినా సుంకం మిగిలింది. ఈలోగా 2001 నుంచే బంగ్లాదేశ్ వంటి అత్యల్పాభివృద్ధి దేశాలకు ఐరోపా సుంకం లేని ప్రవేశం కల్పించింది. భారత్‌తో స్వేచ్ఛా వాణిజ్య చర్చలు 2007లో మొదలై, 2013లో నిలిచి, 2022లో మళ్లీ ప్రాణం పోసుకున్నాయి.

ఈ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు. తెలంగాణ నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు సైతం నడుపుతోంది. ఒప్పందాలు రాసే బల్ల వద్ద మిల్లు యజమానికీ ఎగుమతిదారుకూ ప్రతినిధులుంటారు. మగ్గం ముందు నిలబడేవారి తరఫున మాట్లాడే గొంతు మాత్రం ఆ గదిలో అరుదు. సుంకం తగ్గితే కలిగే లాభంలో వారి కూలికి ఎంత చేరుతుందన్న ప్రశ్నను ప్రభుత్వం ఒప్పందంలోనే తేల్చాలి.