ఖుఐతీ: హైదరాబాదు అరబ్బుల వంశనామము

ఖుఐతీ యనునది, దక్షిణ అరేబియా నుండి దక్కనునకు వచ్చి, నిజాము కొలువున సేనానాయకులై, ఆ కొలువులో గడించిన ద్రవ్యముతో మరల తమ స్వదేశమున నొక రాజ్యమును స్థాపించుకొనిన కుటుంబపు వంశనామము. అరబ్బీలో దీని సంపూర్ణరూపము అల్ ఖుఐతీ. ముకల్లా రాజధానిగా 1967 వరకు అరేబియా సముద్రతీరమున నిలిచిన సంస్థానము ఈ పేరుతోనే వ్యవహరింపబడుచుండెను. ఆ సంస్థానాధిపతులే హైదరాబాదులో నిజామునకు జమాదారులు. ఒకే కుటుంబము సముద్రమునకు ఆవలి యొడ్డున ప్రభువులుగను, ఈవలి యొడ్డున భృత్యులుగను తరతరములు జీవించుట చరిత్రలో తరచుగా కనబడు సంగతి కాదు. ఇంతటి ప్రసిద్ధి వహించిన పేరు నేటి పాతబస్తీలోను, అరబ్బుల నివాసముగా పేరొందిన బార్కసులోను మిగిలిన అరబ్బు పేర్లతో పోల్చినచో మిక్కిలి అరుదుగా వినబడుచున్నది. కువైట్ దేశనామముతో దీనికి ధ్వనిసామ్యమే గాని సంబంధ మేమియు లేదు.

ఏడెన్ రేవునకు ఈశాన్యమున నున్న కొండసీమలో యాఫియీ యను తెగవా రుందురు. ఖుఐతీలు ఆ తెగలో నొక శాఖ. దక్షిణ అరేబియాలోని హద్రమౌతు సీమ నేలిన కసీరీ సుల్తానులు 16వ శతాబ్దము మొదలుకొని తమ యుద్ధములకై యాఫియీ భటులను కూలికి రప్పించుకొనుచుండిరి. వచ్చినవారిలో ననేకులు ఆ లోయలలోనే స్థిరపడి, పిలిచినవారికే పోటీదారులైరి. హద్రమౌతు మిట్టలు ఎండి మోడువారిన పీఠభూములు. వాని నడుమ లోతైన లోయలో ఖర్జూరవనములును, పచ్చియిటుకలతో అయిదారంతస్తుల మేడలు లేచిన షిబాము నగరమును గలవు. నీరు కొలది, జనము మెండు అగుటచే ఆ నేల తన బిడ్డలను సముద్రముల మీదికి పంపక తప్పలేదు. కొందరు వర్తకులై జావా, సింగపూరులకును, కొందరు తూర్పు ఆఫ్రికాకును పోయిరి. ఆయుధోపజీవు లగు తెగలవారు మాత్రము భారతదేశమునకు వచ్చిరి.

వచ్చినవారు తిన్నగా హైదరాబాదునకు రాలేదు. 18వ శతాబ్దపు చివరి భాగమున మరాఠా సంస్థానములే వారికి మొదటి ఆశ్రయములు. నాగపూరు భోంస్లేల సేనలో అరబ్బు భటులు ప్రసిద్ధులు. 1817లో సీతాబల్డీ యుద్ధానంతరము నాగపూరు కోటగోడల వెనుక నిలిచి, కంపెనీ సేనలతో కడవరకు పోరాడి, మర్యాదతో వెడలిపోవుటకు షరతులు పొందినవారు వారే. నేడు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూరును, దానికి చేరువ నున్న పాతరాజధాని రత్నపురమును ఆనాడు నాగపూరు భోంస్లేల యేలుబడిలోనివే గనుక, బిలాస్‌పూరు గోల్ బజారు వీధులలో మసలు తెలుగువారికి ఈ చరిత్ర బొత్తిగా పరాయిది కాదు. 1818లో మరాఠాల ప్రాభవ మస్తమింపగా, కొలువు గోల్పోయిన అరబ్బులలో పెక్కుమందికి మిగిలిన పెద్ద దర్బారు నిజాముది యొక్కటియే.

ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ హైదరాబాదున నిట్లు ప్రాభవమునకు వచ్చిన జమాదారులలో నొకడు. జమాదారీ యనగా నేమో తెలియనిచో ఈ వంశచరిత్ర బోధపడదు. అరబ్బు భటులు ప్రభుత్వమునకు నేరుగా కొలువు చేయువారు కారు. ఇంతమంది భటులను సమకూర్చెదనని జమాదారు సర్కారుతో ఒడంబడిక చేసికొనును. వారి జీతముల మొత్తమును ఖజానా నుండి తీసికొని తానే పంచిపెట్టును. వారి తగవులను తానే తీర్చును. ఖజానా వట్టిపోయిన యేట జీతములు బాకీపడును, బాకీకి వడ్డీ పెరుగును, ఆ యప్పునకు పూచీగా తాలూకాల శిస్తు వసూలు చేసికొను హక్కు జమాదారు చేతికి వచ్చును. 1843 వరకు రాజ్యభారము వహించిన మహారాజా చందూలాలు కాలమున సర్కారు అప్పులలో మునిగియుండుటచే, అరబ్బు జమాదారులు భటనాయకులుగా మొదలిడి షాహుకారులుగ పరిణమించిరి. అప్పు తీర్పని వాని గుమ్మము కడ, నడుమున వంకరబాకు దోపుకొనిన అరబ్బు భటుడు కదలక మెదలక కూర్చుండును. లోనివారు బయటికి రారు, బయటివారు లోనికి పోరు, అప్పు మాత్రము తీరును. ఈ కాలమును వర్ణించు గ్రంథకర్తలు అరబ్బుల విశ్వాసపాత్రతను కొనియాడుదురు గాని, ఆ విశ్వాసము వేతనమిచ్చు సర్కారు కంటె జమాదారునే యెక్కువగ అంటిపెట్టుకొని యుండెననుట సత్యమునకు దగ్గర.

ఉమర్‌కు సమకాలికులై మరి యిరువురు జమాదారులు వెలసిరి: అబ్దుల్లా బిన్ అలీ అల్ ఔలఖీ, గాలిబ్ బిన్ ముహ్సిన్ అల్ కసీరీ. మువ్వురును హైదరాబాదులో నార్జించిరి. మువ్వురును హద్రమౌతులో కోటలు, భూములు, రాజ్యాధికారము సంపాదింపగోరిరి. హద్రమౌతులోని తగవు హైదరాబాదు వీధులలోనికిని, హైదరాబాదు ధనము హద్రమౌతు రణరంగములలోనికిని ప్రవహించుచుండెను. 1853లో దివానైన మొదటి సాలారుజంగు ఈ జమాదారుల యధికారమును క్రమముగ నరికట్టి, వారి చేతిలోని తాలూకాలను విడిపించి, అరబ్బుల వివాదములకు న్యాయస్థానమును ఏర్పరచి, నిజాము సేవకులు పరదేశమున సొంత యుద్ధములు సాగింపరాదని వారించెను. వారింపులు పూర్తిగ ఫలింపలేదు.

ఖుఐతీలు 1858లో షిబామును వశపరచుకొనిరి. ఉమర్ 1865లో మరణించెను. అతని కుమారులు 1867లో షిహరు రేవును కసీరీల నుండి గైకొనిరి. ముకల్లా కథ మరింత విచిత్రమైనది. అప్పుల పాలైన అచ్చటి పాలకుడగు నఖీబు తన పట్టణములో సగమును ఖుఐతీలకు అమ్మజూపి, పిదప వెనుదీసెను. వ్యవహారము ఏండ్ల తరబడి ఆంగ్లేయుల మధ్యవర్తిత్వమున నలిగి, 1881లో నఖీబు తన పరివారముతో ఓడలెక్కి జాంజిబారు త్రోవ పట్టుటతో ముగిసెను. రుణముచే రేవు నార్జించు ఈ విద్య వారు చందూలాలు కాలపు హైదరాబాదులో నభ్యసించినదే యని తలంచుట తప్పు కాదు. 1888లో వారు బ్రిటిషువారి సంరక్షణలోనికి వచ్చిరి. అంతదనుక అరేబియాలోను జమాదారుగనే పిలువబడిన ఉమర్ కుమారుడు అవద్‌కు 1902లో సుల్తాను అను బిరుదము ఆంగ్లేయులచే నంగీకృతమయ్యెను. దక్కను కొలువులోని ఒక ఉద్యోగపు పేరు అరేబియాలో రాజబిరుదముగా చెల్లిన ఉదాహరణము ఇదియే కాబోలు.

అటుపిమ్మట సుల్తానులు తమ కాలమును ఇరు దేశములకు పంచి యిచ్చిరి. హైదరాబాదులో వారికి సైన్యాధికారమును, ఆస్తులును, బంధుత్వములును ఉండెను. ముకల్లా తీరమున సముద్రము నానుకొని 1920 ప్రాంతమున లేచిన సుల్తాను భవనము భారతీయ శిల్పరీతిలోనిది. ఆ రేవులో చెల్లిన నాణెము రూపాయి. 1936 నుండి 1956 వరకు పాలించిన సాలిహ్ బిన్ గాలిబ్ హైదరాబాదులో పెరిగిన విద్వాంసుడు. ఇతని కాలముననే ఇంగ్రామ్స్ అను ఆంగ్లోద్యోగి మధ్యవర్తిగా 1937లో హద్రమౌతు తెగల నడుమ సంధి కుదిరెను.

ఈ హైదరాబాదు కొలువులోనే ఖుఐతీ యను వంశనామపు మరుగునకు మొదటి కారణము గోచరించుచున్నది. ఆసఫ్‌జాహీ దర్బారులో ప్రముఖునికి బిరుదు ప్రసాదింపబడిన నాటినుండి అతని పుట్టుపేరును, వంశపు పేరును తెరచాటున బడును. ఖుఐతీ కుటుంబీకులు సుల్తాన్ నవాజ్ జంగు, సైఫ్ నవాజ్ జంగు మున్నగు బిరుదులతోనే నగరమున ప్రఖ్యాతులైరి. హలీము వంటకమును హైదరాబాదు ప్రముఖుల విందులలో వ్యాపింపజేసిన వాడని చెప్పబడు సైఫ్ నవాజ్ జంగు ముకల్లా సుల్తానుల యింటివాడే. కాని హలీము తినువారిలో ఖుఐతీ యను మాట నెరిగినవారు నూటికొక్కరుందురో లేదో. ఆ హలీమునకు మూలమగు హరీసు నేటికిని బార్కసులో ప్రాతఃకాలపు ఫలహారము: గోధుమలను, మాంసమును సన్నని సెగపై గంటల తరబడి ఉడికించి, బంకసాగువరకు కర్రతో మెదిపి, పైన నేయి పోసి యిత్తురు, తీపి కోరువారు పంచదార చల్లుకొందురు, కోరనివారు ఉప్పుతోనే తిందురు. బార్కసు అను పేరును నిజాము సైనికుల బారకుల (‘బారక్స్’) నుండి పుట్టినదే. అరబ్బుల మర్ఫా వాద్యము నేడు తెలంగాణమున హిందువుల పెండ్లి ఊరేగింపులలో సైతము మ్రోగుచున్నది. వంటయు, వాద్యమును నిలిచినంత దృఢముగ పేరు నిలువలేదు.

రెండవ కారణము అరబ్బుల నామకరణ పద్ధతియే. అరబ్బు పేరున మొదట సొంత పేరు, తరువాత ‘బిన్’ అనుదానితో తండ్రి పేరు, ఆవల తాత పేరు, కట్టకడపట తెగ పేరు వచ్చును. పాఠశాల పట్టికలోను, రేషను కార్డులోను స్థలము కొలదిగ నుండుటచే తోక తెగిపోవును. సాలిహ్ బిన్ ఉమర్ అనువాని ఇంటిపేరు ఏదని గుమాస్తా అడిగినప్పుడు ‘బిన్ ఉమర్’ అనియే వ్రాయబడును. బిలాస్‌పూరు రైల్వే ఉద్యోగములకై తరలిపోయిన మన తెలుగువారి ఇంటిపేర్లు పొడి అక్షరములుగా క్షీణించి, పేరుచివరి ‘రావు’ ఇంటిపేరుగా చలామణీ యగుట గోల్ బజారు అంగళ్లలో ఎరుగనివారు లేరు. అచ్చటి కిరాణాదారు ఖాతాపుస్తకమున ఎందరో తెలుగు గృహస్థులు ఒకే ఇంటివారువలె ‘రావ్‌జీ’లైరి. హైదరాబాదు అరబ్బుల విషయమున ‘రావు’ స్థానమును ‘చావూష్’ ఆక్రమించినది. తురుష్క సైన్యపు ఉద్యోగనామమగు ఈ పదము హైదరాబాదులోను, మరాఠ్వాడా జిల్లాలలోను తెగల భేదము లేక అరబ్బు సంతతివారందరికిని చెల్లుచు, కొందరికి వ్రాతపూర్వకమగు ఇంటిపేరుగను మారినది.

ఇంతకు మించి ఒక సహజకారణము కలదు. యాఫియీ యనునది మహాతెగ. బావజీర్, అమూదీ, జాబిరీ మున్నగునవి విస్తరించిన కుటుంబములు. ఖుఐతీ మాత్రము ఒక తెగలోని చిన్నశాఖ. హైదరాబాదులో వేలకొలది అరబ్బు భటులు ఖుఐతీ జమాదారుల క్రింద కొలువు చేసిరి గాని వారందరును ఖుఐతీలు కారు. తమ తమ తెగల పేర్లనే వారు నిలుపుకొనిరి. పైగా అరేబియాలో బుట్టి వచ్చిన ‘విలాయతీ’లకును, ఇచ్చటి స్త్రీల యందు బుట్టిన ‘మువల్లదు’లకును నడుమ భేదము పాటింపబడుచుండెను, విలాయతీలలో వెనుకకు పోయినవారు తెగ పేరును వెంటగొనిపోయిరి, దక్కనీ ఉర్దూ మాతృభాషగా పెరిగిన మువల్లదులలో అది తరతరమునకు పలుచబడినది.

చివరి దెబ్బ రెండు విడతలుగా తగిలినది. 1948 సెప్టెంబరు 17న నిజాము యుద్ధవిరమణము ప్రకటించెను, మరునాడు హైదరాబాదు సేనాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ భారతసైన్యమునకు లొంగిపోయెను. ఇతడును హద్రమౌతు సయ్యదుల ఐదరూస్ వంశమువాడే. క్రమబద్ధము గాని అరబ్బు దళములు రద్దయ్యెను. అనేకులు నిర్బంధింపబడిరి, కొందరు ఓడలలో ఏడెనునకు పంపబడిరి. హైదరాబాదు నుండి హద్రమౌతునకు పారుచుండిన ధనప్రవాహము నిలిచిపోయెను. సరిగా పందొమ్మిదేండ్లకు, 1967 సెప్టెంబరు 17ననే, విప్లవకారులగు జాతీయ విమోచన సంఘమువారు ముకల్లాను వశపరచుకొని, సింహాసన మెక్కి యేడాది నిండని నవయువకుడు సుల్తాన్ గాలిబ్ బిన్ అవద్‌ను పదచ్యుతుని గావించిరి. తాను కొలిచిన రాజ్యమును, తాను ఏలిన రాజ్యమును ఒకే తేదీన గోల్పోయిన వంశమిది. గాలిబ్ పిదప ఆంగ్లదేశ విశ్వవిద్యాలయములలో చదివి, చరిత్రకారుడై, మక్కా మదీనా యాత్రల చరిత్రపై ఆంగ్లమున బృహద్గ్రంథము వెలయించెను. వంశీయులలో పలువురికి సౌదీ అరేబియా నివాసమైనది.

హైదరాబాదున ఈ పేరు అరుదగుటకు రాజ్యనాశమే హేతువని సాధారణముగ తలంపబడుచున్నది గాని, ఆ యభిప్రాయము సగము మాత్రమే సరియైనది. రాజ్యమున్న దినములలోనే ఈ పేరు నగరమున బిరుదుల చాటునను, ‘బిన్’ చాటునను, చావూష్ చాటునను ఒదిగియుండెను. రోమను లిపిలో దీనిని క్యూ అక్షరముతో కొందరు, కె అక్షరముతో కొందరు వ్రాయుటచే, ఒకే ఇంటి అన్నదమ్ముల పేర్లు సైతము వేర్వేరు రూపములు దాల్చుటకు అవకాశమున్నది. నిజాము కాలపు దస్తావేజులలోగాని, నేటి భూమి రికార్డులలోగాని ఈ కుటుంబమును గూర్చి శోధింపబూనువారు ఖుఐతీ యను పదము క్రింద వెదకి, లేదని నిరాశ చెందక, మొదట జంగు బిరుదుల పట్టికలను, తరువాత జమాదారుల జీతపు చిట్టాలను, పిమ్మట ‘బిన్ అవద్’, ‘బిన్ ఉమర్’, ‘బిన్ సాలిహ్’ అను పేర్లను పరిశీలింపవలెను.