నరానికీ లైన్ క్లియర్ కావాలి

ఖరగ్‌పూర్‌ను రైల్వేల నాడీకేంద్రం అనడం పత్రికలకు అలవాటు. మ్యాపు చూస్తే తప్పనిపించదు. హౌరా, టాటానగర్, ఆద్రా, బాలేశ్వర్ల వైపు పోయే లైన్లు ఇక్కడే కలుస్తాయి. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, మనవాళ్ల నోట బీఎన్నార్, పందొమ్మిదో శతాబ్దం చివర ఇక్కడికి చేరి, వర్క్‌షాపు పెట్టి, దాని చుట్టూ ఊరినే కట్టింది. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ చేతికే రావడంతో ఉత్తరాంధ్ర ఈ ఊరికి పొరుగైంది. గోల్‌బజార్‌లో, నీంపురాలో, మథురాకాటీలో ఇవాళ తెలుగు వినబడుతోందంటే ఆ లైను చలవే. అయితే నాడి అన్నప్పుడు అందరి మనసులో మెదిలేది తీగ: ఈ కొసన నొక్కితే ఆ కొసన మోగేది. నరం పని అలా సాగదు, ఖరగ్‌పూర్ పనీ అలా సాగలేదు. ఈ ఊరికీ నరానికీ పోలిక నిజంగా కుదిరేది బ్లాక్ సెక్షన్ దగ్గర, అంటే ఒక స్టేషన్‌కూ పక్క స్టేషన్‌కూ మధ్యనున్న లైను ముక్క దగ్గర, అని నా వాదన.

తీగ పోలిక టెలిగ్రాఫ్‌తో పుట్టింది. బెంగాల్లో నరమూ తీగా మొదట్లోనే ముడిపడ్డాయి. 1839లో కలకత్తా దగ్గర ప్రయోగాత్మకంగా టెలిగ్రాఫ్ తీగ లాగిన విలియం ఒషానెసీ అసలు డాక్టరు. అవతలి మనిషి వేళ్లకు చిన్న చిన్న షాకులు తగిలించి కబురు తెలిపే పద్ధతి ఆయనది, అంటే కబురు అందుకునే యంత్రం మనిషి నరమే! 1850లో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో సంకేతం ఎంత వేగంగా పోతుందో కొలిచాడు. సెకనుకు సుమారు 30 మీటర్లని తేలింది. నరాల్ని టెలిగ్రాఫ్ తీగలతో పోల్చినవాడు ఆయనే, ఆ పోలికను దెబ్బతీసిన కొలతా ఆయనదే. సెకనుకు 30 మీటర్లంటే గంటకు 108 కిలోమీటర్లు, అంటే ఎక్స్‌ప్రెస్ బండి వేగం. రాగి తీగలో కరెంటు అంత నెమ్మదిగా పోదు.

ఆ ఆలస్యం ఎక్కడిదో తేలడానికి నూరేళ్లు పట్టింది. తీరికగా ఉన్న నరపు పోగు లోపలి వోల్టేజి బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ. ప్రేరణ తగిలినచోట పొరలోని ద్వారాలు తెరుచుకుంటాయి, సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి, అక్కడ వోల్టేజి తిరగబడుతుంది. ఆ వెంటనే పొటాషియం బయటికి పోయి పాత స్థితి వస్తుంది. ఈలోగా ఆ అలజడి పక్కచోటి ద్వారాల్ని తెరిపిస్తుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరం మీద పనిచేసి 1952లో దీన్ని లెక్కగట్టి చూపారు. మైలిన్ అనే కొవ్వు తొడుగున్న నరాల్లో ఈ పని జరిగేది ప్రధానంగా తొడుగు తెగే కణుపుల దగ్గరే. ఇంచుమించు ఒకటి రెండు మిల్లీమీటర్లకొక కణుపు ఉంటుంది. సంకేతం కణుపు నుంచి కణుపుకు గెంతుతూ మనిషిలో సెకనుకు 120 మీటర్ల దాకా అందుకుంటుంది. తొడుగు లేని సన్నపోగులో ఒక మీటరుకు అటూ ఇటూ.

ఇక రైలు సంగతి. ఖరగ్‌పూర్ స్టేషన్ మాస్టరు వాల్తేరు దాకా ఒక్కసారే దారి ఇవ్వలేడు. పక్క స్టేషన్‌కు బెల్ కొట్టి అడగాలి, అక్కడివాడు లైన్ క్లియర్ ఇవ్వాలి, తన వంతు వచ్చినప్పుడు అతనూ అవతలివాణ్ని అడగాలి. అనుమతి వందల మైళ్లు పోయినా పలచబడకపోవడానికి కారణం అది ప్రతి స్టేషన్లో కొత్తగా పుట్టడమే. సింగిల్ లైన్ల మీద వాడిన నీల్స్ టోకెన్ యంత్రం మరీ చిత్రమైనది. ఒక టోకెన్ బంతి బయటికొచ్చాక అది మళ్లీ యంత్రంలో పడేదాకా ఏ కొసనా రెండోది రాదు. నరంలోనూ ఒకసారి పనిచేసిన ద్వారాలు మిల్లీసెకను పాటు మళ్లీ తెరుచుకోవు. సంకేతం వెనక్కి మళ్లకపోవడం అందుకే.

కణుపుకూ కణుపుకూ మధ్య కరెంటు తీగలో పోయినట్టే పోతుంది కదా అని అడగవచ్చు. నిజమే, సముద్రగర్భ కేబుళ్ల కోసం 1855లో విలియం థామ్సన్ కట్టిన సమీకరణాన్నే నరానికీ వాడతారు. కానీ ఆ కరెంటు కొద్ది మిల్లీమీటర్లలోనే నీరసించిపోతుందని చెప్పేదీ ఆ సమీకరణమే. టెలిగ్రాఫ్ కూడా దూరం పోవాలంటే దారిలో రిలేలు పెట్టుకోవలసి వచ్చింది. పన్ను పీకే ముందు ఇచ్చే లిగ్నోకెయిన్ సూది ఇంకా గట్టి సాక్ష్యం. దానివల్ల పోగు తెగదు, తొడుగు చెడదు, సోడియం ద్వారాలు మాత్రం మూసుకుంటాయి. ఒకటి రెండు కణుపులు మూతపడితే సంకేతం దూకేయగలదు. వరుసగా మూడు దాకా మూతపడితే ఆగిపోతుంది.

స్టేషన్ మాస్టరు మనిషి, కాదనగలడు, కణుపు కాదనలేదు. ఈ తేడా కొట్టిపారేయలేనిది. బీఎన్నార్ కార్మికుల కోసం వి.వి. గిరి పనిచేసిన రోజుల్లో, 1927లో, ఖరగ్‌పూర్ సమ్మె కట్టింది. కణుపులకు సంఘం లేదు. అయితే రైల్వే ఆ మనిషిని క్రమంగా పక్కకు జరుపుతోంది. 2017లో ఖరగ్‌పూర్ యార్డులో 800 రూట్లు ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ కిందికి వచ్చాయి. అది యార్డు లోపలి మార్పే, సెక్షన్ల లెక్క మారలేదు. ఆటోమేటిక్ సిగ్నలింగ్ ఉన్న లైన్ల మీదైతే అడిగేవాడూ ఇచ్చేవాడూ లేకుండానే, ముందు పట్టా ఖాళీ కాగానే సిగ్నల్ తనంతట తానే మారుతుంది.