వాడిన అల్లాయ్ చక్రాల అమరిక - వాహనదారులు పాటించవలసిన జాగ్రత్తలు

కారుకు వాడిన అల్లాయ్ చక్రాలను అమర్చుకునేవారు ధర కంటే కొలతలకే ప్రాధాన్యం ఇవ్వవలసి ఉంటుంది. బోల్టు రంధ్రాల కేంద్రాలను కలుపుతూ గీసిన వృత్తం వ్యాసం మారుతీ స్విఫ్ట్‌కు 100 మిల్లీమీటర్లు, ఫియట్ పాలియోకు 98 మిల్లీమీటర్లు. రెండింటికీ నాలుగేసి రంధ్రాలు ఉన్నందున చూపునకు ఒకటిగానే తోస్తాయి. అయితే ఈ 2 మిల్లీమీటర్ల తేడా వలన నట్లు సరిగా కూర్చొనక, ప్రయాణంలో వదులయ్యే ప్రమాదం ఉంది.

చక్రం మధ్య రంధ్రం హబ్ కంటే పెద్దదైతే తగిన రింగు అమర్చాలి. చిన్నదైతే ఆ చక్రం పనికిరాదు. గుంతలో పడినపుడు ఇనుప చక్రం సాధారణంగా వంగుతుంది. అల్లాయ్ చక్రం పగిలే అవకాశం ఎక్కువ. కనుక టైరు విప్పించి లోపలి అంచున సన్నని పగుళ్లు, వెల్డింగ్ అతుకులు ఉన్నవేమో పరిశీలించాలి. కొత్తగా వేసిన రంగు వీటిని కప్పివేయవచ్చు. అతుకు వేసిన చక్రాన్ని తిరస్కరించడం శ్రేయస్కరం.

నట్లను ఎదురెదురు వరుసలో, తయారీదారు నిర్దేశించిన బిగువుకు టార్క్ పానాతో బిగించి, సుమారు 100 కిలోమీటర్ల ప్రయాణానంతరం మరల సరిచూడాలి. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 పేర్కొంటున్నాయి.

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 నిర్దేశిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు సైతం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అందువలన తయారీదారు ఆమోదించిన కొలతలకే పరిమితం కావడం వాహనదారుల క్షేమానికి, చట్టరీత్యా కూడా అవసరం.