గోధుమల రొక్కముతో సాగిన పరిశోధన

శ్రీకాకుళము జిల్లా తీరగ్రామములలో స్త్రీలు చుట్టను, కాలుచున్న కొన నోటిలోపల నుంచుకొని త్రాగుట మనలో అనేకులు చూచినదే. దీనినే అడ్డపొగ యందురు. నిప్పుసెగ నేరుగా అంగిటికి తగులును. అచట మొదట మచ్చలు, పిదప పుండ్లు పుట్టి, కొందరిలో క్యాన్సరుగా పరిణమించును. ఈ సంగతి లెక్కలతో తేలుట కెంతకాలము పట్టెనో, ఎవరి సొమ్ము వ్యయమయ్యెనో నేడు మనము స్మరింతము.

అమెరికా 1954లో చేసిన పబ్లిక్ లా 480 అను శాసనము క్రింద మనదేశము గోధుమలు కొని, వెలను రూపాయలలో చెల్లించెను. అందు కొంతభాగము ఈ దేశమునందే శాస్త్రపరిశోధనలకు వినియోగపడెను. అట్టి ధనముతో 1966 మొదలుకొని బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతపరిశోధనా విభాగమువారు, డాక్టరు ఫాలీ మెహతా నాయకత్వమున, పల్లెలకు తరలిరి. ఇంటింటికి పోయి, నోరు తెరిపించి చూచిరి. ఐదు జిల్లాలలో 50,915 మందిని పరీక్షించిరి. శ్రీకాకుళమున చూచినవారు 10,169 మంది. వారిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ త్రాగువారే.

1969లో నివేదిక వెలువడెను. దాని నలుగురు రచయితలలో ఒకరు, అప్పుడప్పుడే పరిశోధనలో అడుగిడిన గణాంకశాస్త్రజ్ఞుడు ప్రకాశ్ గుప్త. పని అంతటితో ముగియలేదు. పిమ్మట శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడుకరులను ఎన్నుకొని, మానుటకు హితవు చెప్పుచు, ఏటేట నోరు పరీక్షించిరి. ఐదేండ్ల ఫలితములు 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటితమయ్యెను. ఎర్నాకుళమున, హితబోధ పొందినవారిలో క్రొత్తగా తెల్లమచ్చలు పుట్టుట మిక్కిలి తగ్గినది. ఆ వ్యాసమునకు ప్రథమ రచయిత గుప్తయే.

రెండు ప్రచురణలకు నడుమ 17 ఏండ్లు! చికిత్స ఫలము కంటికి త్వరగా కానవచ్చును. నివారణ ఫలము మాత్రము, రావలసిన రోగము రాకపోవుటయే గదా. దానిని లెక్కించుటకు ఏండ్లు పట్టును. రెండు మూడేండ్లకే నిధి నిలిచిపోయిన, యువశాస్త్రజ్ఞుడు బ్రదుకుతెరువునకై వేరొక పని వెదకుకొనును. పల్లెలో వ్రాసుకొన్న పేర్లు పుస్తకములోనే యుండిపోవును. మరల ఆ గడప త్రొక్కి, మచ్చ మానెనో పెరిగెనో చూచువాడుండడు.

ఆ గోధుమలు ఏనాడో ఖర్చయిపోయినవి. వాని రొక్కము నేర్పిన పాఠము మాత్రము మిగిలినది: నివారణ పరిశోధనకు పూనుకొను యువకులకు, యువతులకు ధనముతోపాటు వ్యవధిని గూడ ఈయవలెను.