డ్రమ్ము దెబ్బకు ఎడమ కాలు

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఆరాంఘర్ దగ్గర నేలకు దిగుతుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయే కార్లు ఆగకుండా సాగిపోతాయి. మీరు మాత్రం ఆ దారిలోనే, శివరాంపల్లిలో ఆగుతారు. ఇంకా సరిగా తెల్లవారలేదు. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీస్ అకాడమీ ముందు ప్రెస్ వాళ్లంతా వరుస కట్టారు. పాసు చూస్తారు, బ్యాగు తెరిపిస్తారు, జాగిలం వాసన చూసి వెళ్తుంది. "ఒక ఫొటో కొట్టి చూపించండి" అంటాడు తనిఖీ చేసే జవాను. చేతిలో ఉన్నది నిజంగా కెమెరాయేనని తేలాలి. నేలవైపు తిప్పి ఒకటి కొడతారు.

లోపల తాడు కట్టిన చోట అందరూ డయాస్ బాగా కనిపించేవైపే తోసుకుంటున్నారు. మీరు అటు పోకండి. డయాస్ దాటి ఇంకాస్త ముందుకు, కవాతు మీకేసి నడిచొచ్చే మూలకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చోండి. ఎందుకంటారా, టోపీ! పొద్దెక్కితే దాని అంచు నీడ కళ్ల మీద పడుతుంది. కళ్లు కనిపించని పోలీసు ముఖం నాకు ఫొటోయే కాదు. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే, కెమెరా కిందనుంచి పైకి చూస్తున్నప్పుడే ఆ కళ్లు దొరుకుతాయి.

ఈ అకాడమీ 1948లో మౌంట్ అబూలో కేంద్ర పోలీస్ శిక్షణ కళాశాలగా మొదలై, 1975లో హైదరాబాద్ వచ్చింది. ఐపీఎస్‌కు ఎంపికైనవాళ్లు ఏ రాష్ట్రం వాళ్లయినా ఇక్కడ శిక్షణ పొందాల్సిందే. ఇవాళ్టి దీక్షాంత్ పరేడ్‌తో మరో బ్యాచ్ బయటికి వెళ్తోంది.

"పరేడ్, సావధాన్!"

బూట్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది, అన్ని వందల కాళ్లదీ కలిపి. కాసేపటికి "తేజ్ చల్!" బ్యాండ్ అందుకుంటుంది. ఇప్పుడు కంటికంటే చెవికి పని. పెద్ద డ్రమ్ము దెబ్బ ఎడమ కాలు మీద పడుతుంది. ఎడమ మడమ నేలకు తగిలే ఆ క్షణంలో అడుగు పూర్తిగా చాచి ఉంటుంది, వరుసంతా ఒకే కోణంలో నిలుస్తుంది. దెబ్బ విన్నాక నొక్కితే ఆలస్యమైపోతుంది. లయ పట్టుకుని, తాళం వేసేవాడిలా రాబోయే దెబ్బకు వేలు సిద్ధంగా పెట్టుకోవాలి. చుట్టూ కెమెరాలు టకటకా కొడుతూనే ఉన్నాయి. సెకనుకు ఎన్ని ఫ్రేములు వచ్చినా, రెండు దెబ్బల మధ్య పడినవన్నీ చెదిరిన కాళ్లే.

దగ్గరికొచ్చారు. రెండు వందల మిల్లీమీటర్ల లెన్సులో వెనక వరుసలు ముందు వరుసల మీదకు ఒత్తుకొస్తాయి.

"దాహినే దేఖ్!"

ముఖాలన్నీ ఒక్కసారి డయాస్‌వైపు తిరిగాయి. ఒక్కరు తప్ప. మీకు అతి దగ్గరగా, వరుస కుడి కొసన ఉన్న అమ్మాయి మెడ కదపకుండా సూటిగా ముందుకే చూస్తోంది.

పక్కన కూర్చున్న కుర్రాడు గుసగుసగా, "అన్నా, గామె అటు సూస్తలేదేంది? మర్చిపోయిందా?"

"తప్పు గాదు తమ్మీ. కుడి కొసన ఉన్నోళ్లు తిరగొద్దు. ఆమె సూటిగ నడిస్తేనే లైన్ సక్కగ ఉంటది. కొట్టు, కొట్టు!"

అందరూ వందనం చేస్తుంటే దారి చూసుకునే బాధ్యత ఆమెది. నా దృష్టిలో ఈ పరేడ్ మొత్తానికీ అసలు ఫొటో అదే. డ్రిల్లు తెలియనివాడు దాన్ని పొరపాటనుకుని పక్కన పడేస్తాడు. అందుకే ఈ పని చేసేవాళ్లు లెన్సుల గురించి నేర్చుకున్నంత శ్రద్ధగా ఆ హిందీ ఆదేశాలూ నేర్చుకోవాలంటాను.

2020 సెప్టెంబర్ 4న ఇక్కడి పరేడ్‌కు కిరణ్ శ్రుతి నాయకత్వం వహించారు. ఆ బ్యాచ్‌లో 131 మంది, వాళ్లలో 28 మంది మహిళలు. కోవిడ్ రోజులు కావడంతో ప్రధాని వీడియోలో మాట్లాడారు. అటువంటి ఏడాది డయాస్‌ను నమ్ముకున్న ఫొటోగ్రాఫర్‌కు ఏం మిగులుతుంది? వరుసలే కదా.

బహుమతులు, కరచాలనాలు అయిపోతాయి. అవి అందరి దగ్గరా ఉంటాయి, మీరూ రెండు కొట్టుకోండి. తర్వాత తల్లిదండ్రులు పిల్లల కోసం వెతుక్కుంటూ వస్తారు. అక్కడ లెన్సు ఎత్తేముందు అడగండి, ఎవరూ కాదనరు.

చెట్టు కింద ల్యాప్‌టాప్ తెరిస్తే డెస్కు నుంచి ఫోను: "ముఖ్య అతిథి సెల్యూట్ ఉందా?" ఉంది, పంపండి. దాంతోపాటు ఆ అమ్మాయి ఫొటో కూడా పంపి, ఎందుకు ముందుకు చూస్తోందో క్యాప్షన్‌లో రాయండి. కింద ఇంకో మాట: ఎడమ అంచు కత్తిరించొద్దు, ఆమె అక్కడే ఉంది.