రెయూనియన్ ద్వీపపు కనుమలును తెలింగలును

సంగారెడ్డి మండలమున కనుమ యని చెప్పదగినది లేదు. పటాన్‌చెరువు చేరువ నేల ఎర్రనిది, రాయి గ్రానైటు. పడమరగా జహీరాబాదు, నారాయణఖేడు వైపునకు సాగినకొలది రాయి నలుపెక్కును, నేల రేగడి యగును. అక్కడక్కడ నల్లరాతిపై తుప్పువన్నె లాటరైటు పొర కప్పియుండును. 1972లో పటాన్‌చెరువున నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనక్షేత్రమున ఈ ఎర్రనేలయు నల్లనేలయు ఒక్క ఆవరణలోనే కానవచ్చును. ఆ నల్లరాయి సుమారు 6.6 కోట్ల యేండ్ల క్రిందట భూమిని చీల్చుకొని వెడలి పొరమీద పొరగా పరచుకొని గట్టిపడిన ద్రవశిల. పశ్చిమ దక్కనులో నది పొరలుపొరలుగా మెట్లవలె కనుపట్టుటచే పాశ్చాత్యులు దానికి ట్రాప్ అని పేరిడిరి. స్వీడిషు భాషలో ఆ మాటకు మెట్లని యర్థము.

ఆ యగ్ని ఆరిపోలేదు. భూగర్భమున నొకచోట నిలిచియున్న వేడిమిమీదుగా భారతదేశమును మోయు పలక ఉత్తరముగా జరిగిపోయినదనియు, ఆ వేడిమియే తరువాత లక్షదీవులకును, మాల్దీవులకును, చాగోస్ దీవులకును, మారిషస్ ద్వీపమునకును క్రమముగా పునాదులు వేసి, కడపట రెయూనియన్ ద్వీపమును సముద్రమునుండి లేపినదనియు భూగర్భశాస్త్రజ్ఞులలో పెక్కుర మతము. రెయూనియనున నది నేటికిని మండుచున్నది. జహీరాబాదు చేలలోని నల్లరాయియు, ఆ దూరద్వీపపు కొండలును ఒక్క పొయ్యిలో కాలినవే యనుట ఈ మతసారము. ఒకచోట నది బల్లపరుపైన బయలు, మరియొకచోట అడుగుపెట్ట నలవిగాని కొండలు.

రెయూనియన్ వైశాల్యము 2,512 చదరపు కిలోమీటర్లు. సంగారెడ్డి జిల్లాలో సగముకంటె కొంచెము పెద్దది. అట్టి చిన్నదీవిలో 3,000 మీటర్లు మించిన పితోఁ దె నేజ్, అనగా మంచుల శిఖరము, నిలిచియున్నది. దాని చుట్టు మూడు మహాకుండములు: సలాజీ, సిలావోస్, మఫాత్. చల్లారిన యగ్నిపర్వతము లోనికి క్రుంగి, వానలకు కోసికొనిపోయి, ఈ కుండములైనది. ఒక్కొక్కదానిచుట్టు వేయి మీటర్ల నిట్రగోడలు. కుండమునుండి కుండమునకు పోవలెనన్న గోడ తగ్గినచోటు వెదకి దాటవలెను. ఆ తగ్గినచోటే కనుమ. సిలావోసునుండి మఫాతునకు పోవువారు 2,000 మీటర్లకు పైబడిన తైబిట్ కనుమ నెక్కి దిగుదురు. సలాజీనుండి పోవువారికి కోల్ దె బ్యో కలదు. ఆ పేరును తెనుగు చేసిన ఎద్దుల కనుమ యగును. మన దేశపు పల్లెపట్టున ఉన్నను ఒదుగు పేరది. ఆగ్నేయమున నున్న రెండవ పర్వతము పితోఁ ద లా ఫుర్నేజ్, కొలిమి శిఖరము. ఇదియే నేటికిని నిప్పు గ్రక్కునది.

ఈ కనుమలను మొదట త్రొక్కిన పాదములు దొరలవి కావు. చెరకునకు ముందు కాఫీతోటల కాలమున మడగాస్కరునుండియు ఆఫ్రికానుండియు తేబడిన బానిసలు పారిపోయి ఈ కుండములలో దాగిరి. సిలావోస్ అనునది విడిచిపోరాని చోటను అర్థముగల మలగాసీ మాటనుండి పుట్టినదందురు. మఫాత్ అనునది అట్లు దాగిన యొక నాయకుని పేరు. అతనిని ఫ్రాంస్వా ముస్సార్ అను వేటగాడు 1751లో చంపెను. వేట యనగా నిక్కడ మనుష్యుల వేట. చంపినవాని పేరు గ్రంథములలో మిగిలినది, చచ్చినవాని పేరు కొండకు మిగిలినది. ఇందు ఎవరిది గొప్ప నిలుకడయో చెప్పనక్కరలేదు.

అన్నిచోట్ల నట్లు జరుగలేదు. 1768లో గవర్నరు బెల్కోంబును, క్రెమోఁ అను ఉన్నతోద్యోగియు కొలిమి శిఖరమును చూడగోరి పరివారముతో బయలుదేరిరి. ఎత్తు మైదానమును దాటి పోగా అగ్నిపర్వతమును చుట్టియున్న నిట్రగోడ యంచున వారి త్రోవ తెగిపోయినది. దిగుటకు తెరువు కనుగొన్నవారికి బహుమానమని సేవకులకు చాటిరి. యాకోబు అను బానిస ఆ గోడలో నడుగుపట్టు చోటును కనుగొనెను. ఆ చోటికి మాత్రము పా ద బెల్కోంబ్ అని పేరు పడెను. ఫ్రెంచి భాషలో పా అనగా అడుగు, ఇరుకైన కొండదారియును. అడుగు యాకోబుది, పేరు గవర్నరుది. రెండువందల యేండ్లకు పైగా పటములందు ఈ పేరే చెల్లినది. మన కాలమున దానిని బెల్కోంబ్‌-యాకోబు కనుమ యని వ్యవహరింపసాగిరి. నేడు 2,300 మీటర్ల ఎత్తున నున్న ఆ చోటికి బండిదారి కలదు. అచ్చటనుండి అగ్నిపర్వతమునకు నడకయే.

1771లో వృక్షశాస్త్రవేత్త కొమ్మెర్సోఁ ఆ పర్వతమును పరిశీలింపబోయినపుడు వెంట నడచినవాడు లిస్లే జొఫ్‌ఫ్రువా, అప్పటికి పదునారేండ్ల బాలుడు. తల్లి ఆఫ్రికానుండి బానిసగా తేబడినది. ఆ బాలుడే పిమ్మట ఈ ద్వీపములకు పటములు గీచి, 1786లో పారిసు విజ్ఞానపరిషత్తునకు లేఖకసభ్యుడయ్యెను. 1801లో బోరీ ద సెఁ‌వెఁసాఁ ద్వీపమునందు తిరిగి అగ్నిపర్వతముల నెక్కి 1804లో యాత్రాగ్రంథము వెలువరించెను. శిఖరముమీది ముఖబిలములలో నొకదానికి బోరీ పేరు నిలిచినది.

ఇక తెలుగువారి మాట. 1828లో తుర్క్వాజ్ అను ఓడపై యానామునుండి 15 మంది కూలీలు ఈ ద్వీపమునకు చేరిరి. అపుడు యానాము ఫ్రెంచివారిది, ద్వీపము పేరు బూర్బోఁ. ఫ్రెంచి వ్రాతలలో వీరిని తెలింగలని పేర్కొనిరి. బానిసత్వ మింకను రద్దు కాలేదు, అది 1848 డిసెంబరు 20న గాని తొలగలేదు. కావున ఈ పదునైదుగురు బానిసలనడుమ ఒప్పందపు కూలీలుగా దిగిరి. మారిషసునకు 1834లో అట్లాస్ ఓడ 36 మందిని చేర్చుటకు ఆరేండ్లు ముందటి మాట యిది. కూలి వలసల చరిత్ర చెప్పువారు తరచు మారిషసుతోనే మొదలిడుదురు. గోదావరి పాయమీది చిన్న పట్టణమునకు ఈ ముందుతనము దక్కవలసియున్నది. 1830 నాటికి ద్వీపమున భారతీయ కూలీలు సుమారు 3,000 మంది. జీతములు సరిగా ముట్టకపోవుటయు, దురాగతములును కారణముగా కలతలు పుట్టి ఆ తొలిప్రయత్నము కొలదియేండ్లలోనే చెడినది.

తెలింగ యను పేరును గూర్చి పండితులకు విశేషముగా చెప్పనక్కరలేదు. పారసీక చరిత్రకారులు మన దేశమును తిలంగ్ అనిరి. వంగదేశమున కుంఫిణీ సిపాయిలను, వారు ఏ జాతివారైనను, తెలింగా లనిరి. బర్మాలో మనవారిని కోరంగి రేవు పేర కొరంగీ లనిరి. రెయూనియనున జరిగినది వేరు. అక్కడ మొదట సరియైన పేరే వ్రాసికొనిరి. పిమ్మట దానిని పోగొట్టిరి. 1848 తరువాత చెరకుతోటలకు కూలీలు విరివిగా కావలసివచ్చెను. 1860లో ఆంగ్లప్రభుత్వముతో ఒడంబడిక కుదిరి, 1882లో నది నిలిపివేయబడు పర్యంతము బ్రిటిషు ఇండియానుండియు వేలకొలది జనులు వచ్చిరి. పుదుచ్చేరి, కారైకాలు వైపునుండి వచ్చిన తమిళులు వీరిలో హెచ్చు. అందరికిని కలిపి మలబారు లను పేరు స్థిరపడెను. మలబారు తీరమునకు వీరిలో మిక్కిలిమందికి సంబంధమే లేదు. నేడు ద్వీపపు క్రేయోల్ భాషలో మల్బార్ అనగా దక్షిణభారత సంతతి. ఆ మాటలో తెలుగువాడు కరగిపోయినాడు.

ఆ తెలింగలు కనుమలను దాటిరా? చెరకు పండునది తీరపు వాలునందు. కూలీల కొట్టములును అక్కడనే. తూర్పుతీరమునుండి దక్షిణతీరమునకు నడిమిదారిన పోవువారు సెఁబెన్వా కడనుండి పామిస్తుల మైదానమునకు ఎక్కి, 1,600 మీటర్ల ఎత్తున బెల్‌వ్యూ కనుమ దాటి, కాఫ్రుల మైదానముమీదుగా సెఁపియేర్ వైపునకు దిగవలెను. కాని ఒప్పందపు కూలీ దారినబోవు బాటసారి కాడు. అతనికి పనిచీటి పుస్తకము కలదు. అది లేక తోట విడిచి తిరుగువానిని చట్టము దేశదిమ్మరిగా నెంచి శిక్షించును. బానిసకు కనుమ దాటుట చావునకు తెగించిన పని. కూలీకి అది చీటి లేని నేరము. స్వేచ్ఛ యను మాట 1848తో ద్వీపమునకు వచ్చినదని వ్రాయు చరిత్రలు ఈ పుస్తకమును తెరచి చూడవలెను. కనుమలమీద మలగాసీ పేళ్లు నిలిచియుండగా తెలింగల జాడ కొండలలో లేకపోవుటకు వారి పిరికితనమును కారణముగా చెప్పరాదు. వారిని తీరమున కట్టివేసిన విధమే కారణము.

అగ్నిద్వీపమున మల్బారులు నడచు నడక మరియొకటి కలదు. ద్రౌపదమ్మను పాండియాలె యను పేర కొలుచు గుడులలో ఉపవాసములతో దీక్షపట్టి నిప్పులగుండము త్రొక్కుదురు. ఇది తమిళుల ద్రౌపదీపూజకు చెందినదే యైనను, నిప్పులగుండము త్రొక్కుట ఎరుగని తెలుగు మండలము లేదు.

కనుమల విషయమున ఇరువదవ శతాబ్దము వింత మార్పు తెచ్చినది. 1932లో సిలావోసునకు బండిదారి పడెను. అంతకుముందు వేడినీటి బుగ్గలకై పోవు రోగులను కుర్చీలలో కూర్చుండబెట్టి మనుష్యులు మోసికొనిపోయెడివారు. నాలుగువందలకు మించిన మలుపులుగల ఆ దారిపై నేడు సైకిలువారు వేడుకకై చెమటోడ్చి ఎక్కుచున్నారు. మఫాతునకు నేటికిని బండిదారి లేదు. సరకులు హెలికాప్టరుపై దిగును, మనుష్యులు కాలినడకను పోవుదురు. ఇవ్రాన్ పోజే అను తపాలావాడు 1951 నుండి 1991 వరకు నలువదేండ్లు ఉత్తరముల సంచి మోసికొని ఆ కొండలలో నడచెను. 1989 నుండి ద్వీపము నొక మూలనుండి మరియొక మూలకు, కొండలమీదుగా నూటయేబది కిలోమీటర్లకు పైబడిన దూరము, పగలురేలు పరుగిడు పందెము జరుగుచున్నది. దానిని పిచ్చివారి అడ్డుగీత యని ముద్దుపేరిడిరి. 2010లో యునెస్కో ఈ శిఖరములను, కుండములను, గోడలను ప్రపంచవారసత్వములో చేర్చెను. ఒకనాడు వేటకుక్కలకు వెరచి ఎక్కిన గోడలనే నేడు రుసుము చెల్లించి ఎక్కుదురు.

యాకోబు పేరు కనుమకు మరల చేరుటకు ఆధారము పాత యాత్రావృత్తాంతములోని యొక ప్రస్తావమే. తెలింగల విషయమున అంతకంటె హెచ్చు ఆధారములకు అవకాశము కలదు. ఒప్పందపు కూలీ చేతికి సంఖ్యయు, పట్టికలో పంక్తియు ఇచ్చుట ఆనాటి పద్ధతి. సెఁదెనీ నగరమునందలి పురాలేఖాగారమున ఆ పట్టికలు కలవు. ఫ్రెంచి లేఖకుడు చెవికి తోచినట్లు వ్రాసికొన్న ఊళ్ల పేళ్లలో గోదావరి మండలపు పల్లెలను గుర్తించుట ఫ్రెంచి మాత్రమే వచ్చినవారికి సాధ్యము గాదు, తెలుగు మాత్రమే వచ్చినవారికిని గాదు. యానామున రెండును వచ్చిన ముసలివారు ఇంకను కలరు. 1828 నాటి ఆ పదునైదుగురితో మొదలిడి 1830 వరకైనను పట్టికలను సరిచూచినచో, తెలింగ యను మాటవెనుక నున్న యూళ్లు తేలును.